సైకిలు ట్యూబు ముక్క

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ విశాఖ చేపల రేవులో పడవలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టి ఉంటాయి. మనుషులు నీడ చూసుకుని వలలు బాగుచేసుకుంటారు, మిగిలిన పొద్దంతా వాదించుకుంటారు. ఈ వాదన అలా మే నెలలో ఒక మధ్యాహ్నం జరిగింది. నన్ను పిలిచింది వాదించడానికి కాదు, జాబితా రాయడానికి.

అల్లుడు నాలుగేళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చాడు. సరదాకి చేపలు పట్టేవాళ్ళని సముద్రం మీదికి తీసుకెళ్ళే పడవలో పని. వస్తూ వస్తూ ఒక పాత రాడ్డూ రీలూ గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. మామకి ఫైబరు పడవ ఉంది, పది గుర్రాల ఇంజను ఉంది, నలభై ఏళ్ళుగా చేతి తాడు పట్టిన అరిచేతులున్నాయి. నిషేధం ఎత్తేశాక ఆదివారాలు జనాన్ని తీసుకెళ్ళి చేప పట్టిద్దామని అల్లుడి ఆలోచన. అందుకు కావలసిన అనుమతుల సంగతి వేరే పెద్ద కథ, దాన్ని ఇక్కడ ఎత్తను. ఏ రాడ్డు, ఏ రీలు, ఏ తాడు కొనాలన్నదే ఆ రోజు తగువు. కాగితం మీద నేను రాసినవాటికంటే కొట్టేసినవే ఎక్కువ.

మామ: ముందు ఆ మాట ఏటో సెప్పు. ట్రాలింగా, ట్రోలింగా?

అల్లుడు: ట్రోలింగు మావా. ట్రాలింగంటే మరబోటు వెనక పెద్ద వల ఈడ్చుకుపోవడం. ఇది ఎర ఈడ్చడం. పడవ పోతుంటే వెనక తాడు, తాడు చివర గాలం.

మామ: మా మనవడు ఫోనులో ఎవుర్నో తిట్టుకుంటా అదే మాటంటాడు.

అల్లుడు: అదీ ఎర వెయ్యడమేలే. ఎవడు కొరుకుతాడా అని.

మామ: ఎర ఈడ్సడమే అయితే మా అయ్య తెరసాప ఏసుకుని ఈడ్సినాడు, నాను ఇంజనెట్టుకుని ఈడ్సినాను. కోనాలు పడినాయి, సూరలు పడినాయి. మజ్జిలో ఈ కర్ర ఎక్కడనించి దూరినాది?

అల్లుడు: వచ్చేవాళ్ళకి చేప అక్కర్లేదు మావా. చేప కావాలంటే పొద్దున్నే ఇక్కడికే వచ్చి కొనుక్కుంటారు. అది లాగుతుంటే పట్టుకుని నిలబడాలని వాళ్ళ కోరిక. నీ తాడు వాళ్ళ చేతికిస్తే మొదటి సూరకే అరిచెయ్యి తెగుద్ది.

మామ: తెగుతాది. సేతగాని సెయ్యి తెగుతాది. నా పద్ధతి విను. ముప్పై బారల తాడు. ఎనకాల గుంజకి కట్టీసి, మజ్జిన సైకిలు ట్యూబు ముక్క ఏస్తాను. సేప కొట్టగానే ట్యూబు సాగుతాది. అది సాగితే దెబ్బ తాడుకి తగల్దు, సేప మూతి సిరగదు. అప్పుడు తాడు సేతికి తీసుకుంటాను. అది లాగితే వదుల్తాను, అది అలిస్తే లాగుతాను. లాగింది కాళ్ళ కాడ సుట్టలు సుట్టలుగా పడతాది. ఇంతకంటే ఏటి కావాల?

అల్లుడు: ఏమీ అక్కర్లేదు. నువ్వు చెప్పినవే నేను కొంటానంటున్నాను. సాగే ట్యూబు ఉంది చూడు, అదే రాడ్డు. వదిలీ వదలకుండా వదిలే నీ అరిచెయ్యి ఉంది చూడు, అదే రీల్లో డ్రాగు. కాళ్ళ కాడ పడే చుట్టలు రీలు మీద చుట్టుకుంటాయి.

మామ: నా ట్యూబు పాత సైకిలుది. ఊరికే వచ్చినాది. నీ ట్యూబు ఎంతో సెప్పు మాస్టారికి, రాసుకుంటారు.

అల్లుడు ధర చెప్పలేదు. నేను మాత్రం కాగితం మీద గీత గీసి, ఎడమ వైపు ‘చెయ్యి చేసే పని’ అనీ, కుడి వైపు ‘కొనాల్సింది’ అనీ రాసుకున్నాను. అలవాటు పోదు. ఆ గీత తరవాత చాలా పనికొచ్చింది.

అల్లుడు: రాసుకోండి మాస్టారూ. యాభై పౌన్ల రాడ్లు నాలుగు, లివరు డ్రాగు రీళ్ళు నాలుగు.

మామ: యాభై పౌన్లంటే ఎన్ని కేజీలు?

అల్లుడు: తాడు లెక్కల్లో ఇరవై నాలుగు కేజీల తరగతి అంటారు. ఇరవై నాలుగు కేజీల బరువుకి తెగే తాడు. దానికి సరిపోయే రాడ్డు, దానికి సరిపోయే రీలు. రాడ్డు ముందు కొని దానికి తాడు వెతకడం కాదు. తాడు ఖాయం చేసుకుంటే మిగతా రెండూ దాని వెనకే వస్తాయి.

మామ: ఇరవై నాలుగా! యాభై కేజీల సూర పడితే? నా తాడు నూట ఏభై మోస్తాది. కూలికొచ్చినట్టు ఆరో వంతు తాడేసుకుని సముద్రంలోకి ఎల్తారేటి?

అల్లుడు: చేపని నువ్వు వేలాడదీయడం లేదు మావా, అలిసిపోయేదాకా బరువు మోయిస్తున్నావు. ప్రపంచమంతా ఈ సరదాకి పద్దులు రాసే సంఘం ఒకటుంది, 1939లో పెట్టారు. వాళ్ళ లెక్కలో నూట ముప్పై పౌన్లకి మించిన తాడుకి చోటే లేదు. అంటే అరవై కేజీలు. ఆ లోపు తాడుతోనే 1953లో పెరూ దేశంలో కాబో బ్లాంకో దగ్గర 1,560 పౌన్ల నల్ల మార్లిన్ని పట్టారు. మన కొమ్ము కోనం జాతే. ఏడువందల కేజీల పైన. ఆ రికార్డు ఇంకా ఎవరూ దాటలేదు.

మామ: ఏడొందలకి అరవై. నమ్మమంటావు.

నేను: నమ్మొచ్చు. తెగకపోవడానికి కారణం తాడు బలం కాదు. తెగే ముందే రీలు వదిలేస్తుంది.

అల్లుడు: అదీ. ఇరవై నాలుగు కేజీల తాడుకి డ్రాగు ఏడు కేజీల దగ్గర పెడతాం. నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు. చేప ఏడు కేజీలకి మించి లాగిందంటే రీలు తిరిగి తాడు ఇస్తుంది. మిగతా పదిహేడూ ముడులకీ, కుదుపులకీ, నీ కస్టమరు చేసే తప్పులకీ.

మామ: నా కస్టమరు కాడు, నీ కస్టమరు.

ఇక్కడ మామ అసలు దెబ్బ కొట్టాడు. ఎదురుగా తాడు బలం మీద వాదిస్తున్నవాడు ఉన్నట్టుండి చేపల మీదికి వెళ్ళాడు.

మామ: సర్లే, తాడు ముందు అన్నావు. తాడుకంటే ముందు సేప గదా? ఇక్కడనించి ఎల్లిన పడవకి పది సేపలు పడితే ఆరో ఏడో కోనాలు. నాలుగు కేజీలు, ఆరు కేజీలు, అదృష్టం ఉంటే పదిహేను. మిగతాయి సిన్న సూరలు. పెద్ద సూర రోజూ రాదు, కొమ్ము కోనం రావాలని నాను కోరుకోను. నాలుగు కేజీల కోనానికి ఏడు కేజీలు బిగించిన రీలా? అది లాగనే లాగదు. కట్టి ఈడ్సిన సెప్పులాగ నీటి మీద తేలుకుంటా వచ్చీస్తాది. నీ కస్టమరికి ఏటి సరదా? పైగా మూతి సిరిగిపోతాది.

అల్లుడు: మస్కట్‌లో అందరూ...

మామ: మస్కట్ సముద్రం మస్కట్‌లో ఉన్నాది.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే చెప్పాడు: మరీ లావు తాడు కడితే చిన్న ఎర నీటిలో సరిగ్గా ఆడదు, కోనానికి వేసే అరచేయంత ఎర బిగుసుకుపోయినట్టు వస్తుంది. అంటే మామ చెప్పిన కారణానికి ఇంకొక కారణం అల్లుడే జోడించాడు. నేను ‘యాభై – నాలుగు’ కొట్టేసి, ‘ఇరవై పౌన్లు – రెండు, ముప్పై – ఒకటి, యాభై – ఒకటి’ అని రాశాను. అంటే పదీ, పదిహేనూ, ఇరవై నాలుగూ కేజీల తరగతులు. వచ్చిన చేపల్లో ఎక్కువవాటికి రెండు తేలిక రాడ్లు, వస్తే రావచ్చన్న సూరకి ఒకటి, పీడకలకి ఒకటి.

రీళ్ళ దగ్గర తగువు ముదిరింది. అల్లుడు గుడ్డ విప్పి తన పాత రీలు బయటికి తీశాడు. పక్కన పైకీ కిందికీ జరిగే చిన్న మీట ఉంది.

అల్లుడు: ఇది లివరు. ముందే సరిచేసి పెట్టుకుంటాం. మీట ఇక్కడికి వస్తే ఏడు కేజీలు. వెనక్కి లాగితే వదులు, ముందుకి తోస్తే మళ్ళీ ఏడు. చీకట్లో కూడా తెలుస్తుంది ఎక్కడుందో. ఇంకో రకం ఉంది, హ్యాండిలు పక్కన నక్షత్రంలాంటి చక్రం ఉంటుంది. స్టారు డ్రాగు. దాన్ని ఎంత తిప్పావో గుర్తు ఉండదు. చేప పరిగెడుతుంటే భయపడి బిగిస్తాడు కొత్తవాడు, తెంపుకుంటాడు.

మామ: ఆ సక్రం తక్కువకి వస్తాదా?

అల్లుడు: బాగా తక్కువ.

మామ: కోనానికి సక్రం సాలు. మూడు సక్రాలు, ఒక మీట.

నేను: ఆ చక్రాన్ని తక్కువ చేసి చూడకండి. అది లేనప్పుడు వేళ్ళు విరిగేవి.

మామ: ఏళ్ళా?

కాలిఫోర్నియా దగ్గర కాటలీనా అనే దీవి కథ నాకు గుర్తొచ్చింది, చెప్పాను. 1898లో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ఆయన అక్కడ 183 పౌన్ల సూరని రాడ్డుతో పట్టాడు. ఆ ఉత్సాహంలోనే ఆ ఏడాది ట్యూనా క్లబ్బు పెట్టారు. అప్పటి రీళ్ళకి డ్రాగు లేదు. రీలు మీద తోలు ముక్క బిగించి, దాన్ని బొటనవేలితో అదిమి చేపని ఆపేవాళ్ళు. చేప పరిగెడితే రీలుతోపాటు హ్యాండిలు కూడా వెనక్కి గిర్రున తిరిగి కణుపులు పగలగొట్టేది. ఆ తరవాత విలియం బోషన్ అనే ఆయనకి వచ్చిన ఆలోచనతో కొత్త రీలు తయారైంది. బిళ్ళలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆపే బ్రేకు రీలు లోపల పెట్టి, బయట నక్షత్రం చక్రం అమర్చారు. హ్యాండిలు కదలదు, తాడు మాత్రం పోతుంది. 1913లో బోషన్ దానితోనే 355 పౌన్ల కత్తి చేపని పట్టాడు.

మామ: అంటే దొరలు కూడా ముందు సేతితోనే ఆపినారన్నమాట.

అల్లుడు: ఆపలేకే కదా మావా చక్రం పెట్టుకున్నారు.

ఇద్దరూ ఎవరికి వారే గెలిచినట్టు నా వైపు చూశారు. నేను ‘స్టారు – మూడు, లివరు – ఒకటి’ అని రాశాను. లివరుది రెండు వేగాలది కావాలని అల్లుడు పట్టుబట్టాడు. పైకి గేరు మార్చితే హ్యాండిలు ఒక్క తిప్పుకి ఎక్కువ తాడు వస్తుంది, కిందికి మార్చితే తక్కువ వస్తుంది కానీ బలం పెరుగుతుంది. పెద్ద సూర పడవ కిందికి దిగి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే ఆ కింది గేరే దిక్కు. సైకిలుకి గేర్లుండడం మామకి తెలుసు కనుక ఈ ఒక్కటి వాదన లేకుండా పోయింది.

తాడు దగ్గర అలా పోలేదు.

అల్లుడు: అల్లిక తాడు కొందాం. బ్రెయిడు. సన్నగా ఉంటుంది, అదే బలానికి నైలానులో సగం లావు. రీలు మీద రెండింతలు మూడింతలు పడుతుంది.

మామ: సూడనీ... ఇది దారం గదరా. కోసీస్తాది. సేతికి తగిలితే ఏలు ఊడుతాది.

అల్లుడు: చేత్తో పట్టుకోవద్దు మరి.

మామ: పడవలో తాడు సేత్తో పట్టుకోకుండా ఎవుడుంటాడు? సిక్కు పడితే? ఇంజనుకి సుట్టుకుంటే? సాగుతాదా ఇది?

అల్లుడు: సాగదు. వందకి మూడో నాలుగో. అదే దీని గొప్ప, చేప ముట్టుకుంటే రాడ్డుకి తెలుస్తుంది.

మామ: నైలాను?

అల్లుడు: తెగేలోపు ఐదో వంతు దాకా సాగుతుంది.

మామ: మరింకేటి! ఇంజను మీద ఎల్తన్నాం. సేప ఎదురొచ్చి కొడతాది. నీ రాడ్డు పీటకి గుచ్చి ఉంటాది, పక్కన మనిషి ఉండడు, టీ తాగుతుంటాడు. ఆ మొదటి దెబ్బ ఎవుడు మింగాల? యాభై బారల నైలాను సాగితే అంత పెద్ద సైకిలు ట్యూబు గదా అది. నువ్వే అన్నావు ట్యూబు ఉండాలని. ఇప్పుడు తీసీమంటావు.

ఈ మాటకి అల్లుడి దగ్గర జవాబు ఉంది కానీ అది నెగ్గలేదు. అడుగున కొంత నైలాను చుట్టాలి, లేకపోతే నున్నటి రీలు మీద బ్రెయిడు మొత్తం జారి తిరుగుతుంది. దాని మీద బ్రెయిడు, దాని పైన మళ్ళీ వంద మీటర్ల నైలాను. అల్లుడు వేళ్ళతో చూపించాడు. మామ ఆ వేళ్ళనే లెక్కపెట్టాడు.

మామ: కింద నైలాను, మజ్జిన దారం, పైన నైలాను. ముడులెన్ని?

అల్లుడు: రెండు. కొస ముడి కలిపితే మూడు.

మామ: తాడు ఎప్పుడూ ముడి కాడే తెగుతాది. నువ్వు డబ్బులిచ్చి ముడులు కొంటన్నావు.

అల్లుడు: పెద్ద సూర నాలుగు వందల మీటర్లు పరిగెడితే? నైలాను అయిపోతుంది.

మామ: అది పరిగెడితే మనం కూసుంటామేటి? ఇంజను తిప్పి దాని ఎనకాల పోతాం. పడవ కూడా రీలే గదరా.

నలభై ఏళ్ళు ఒంటరిగా తాడు పట్టినవాడికి తప్ప ఇంకొకరికి తట్టే మాట కాదది. పెద్ద పడవల మీద పనిచేసిన అల్లుడికి పడవ అంటే కస్టమర్లు కూర్చునే చోటు. మామకి అది కూడా పనిముట్టే. యాభై పౌన్ల నైలాను ఐదారు వందల మీటర్లు పట్టే రీలు ఉంటే, పడవ తిప్పగలిగినవాడు స్టీరింగు దగ్గర ఉంటే చాలు. నాలుగింటికీ నైలానే అని రాశాను.

దాని మీద అల్లుడు ఒక షరతు పెట్టాడు, అది మంచి షరతు. తాడు పొట్లాం మీద రెండు రకాల మాటలుంటాయి. ఒక రకం తాడు, చెప్పిన బరువుకో అంతకంటే ముందో కచ్చితంగా తెగేలా చేస్తారు. రికార్డుల కోసం అలా కావాలి. మామూలు రకం అయితే చెప్పిన బరువు దాటాక ఎంతకో తెగుతుంది, ముప్పై అని రాసింది నలభై దాకా పోవచ్చు. మనకి రికార్డులు అక్కర్లేదు కనుక రెండో రకం చాలు. కానీ డ్రాగు మాత్రం పొట్లాం మీద అంకెనే నమ్మి పెట్టాలి, పైన దొరికేది దాచుకోవాలి. ముడి బిగించే ముందు తడపాలి, లేకపోతే రాపిడి వేడికి నైలాను అక్కడే చచ్చిపోతుంది. ఉమ్మేసి బిగిస్తాం, అది మా తాత కాలం నించి తెలుసు, అన్నాడు మామ. ఆ తాత కాలంలో నూలు తాళ్ళు, ప్రతి సాయంత్రం ఎండలో ఆరెయ్యకపోతే కుళ్ళిపోయేవట. కాటలీనా దొరలదీ అదే బాధ. వాళ్ళవి నార తాళ్ళు, పోగుకి మూడు పౌన్ల చొప్పున పోగులు లెక్కపెట్టి కొనేవాళ్ళు, ఇంటికి రాగానే ఆరబెట్టేవాళ్ళు. 1938లో నైలాను బయటికొచ్చాక ఈ చాకిరీ పోయింది.

ఇక రాడ్డు. అల్లుడు తెచ్చిన పాత రాడ్డుకి తాడు పోయే రింగుల బదులు చిన్న చిన్న కప్పీలున్నాయి. మామ ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తిప్పి చూశాడు. కొస నుంచి రెండోది తిరగలేదు.

మామ: ఇది సచ్చిపోనాది.

అల్లుడు: ఉప్పు పట్టింది. విప్పి నూనె వెయ్యాలి.

మామ: తిరగని కప్పీ మీద తాడు రాసుకుంటే ఏటవుతాది? రంపం అవుతాది. నాలుగు రాడ్లు, ఒక్కోదానికి ఐదారు కప్పీలు. రోజూ ఎవుడు నూనేస్తాడు, నువ్వా?

అల్లుడు: యాభైదానికి కొసన ఒక్క కప్పీ ఉంచుదాం. మిగతావన్నీ గట్టి రింగులు.

ఇది ఒప్పందం. తగువులో ఒప్పందాలు ఇలాగే వస్తాయి, ఎవరూ ఒప్పుకున్నట్టు కనిపించకుండా. గాజుపోగు రాడ్డా, కార్బను రాడ్డా అన్నది ఇంకా తొందరగా తేలింది. కార్బను తేలిక, బిర్రు, కానీ గీత పడితే ఏదో ఒక రోజు అక్కడే పుటుక్కుమంటుంది. ఫైబరు పడవలో లంగరూ ఐసు పెట్టెలూ దొర్లే చోట గాజుపోగే నయం, పైగా అదే బాగా వంగుతుంది. గంటల తరబడి చేత్తో పట్టుకుని విసిరే రాడ్డు కాదు కదా, గుంజకి గుచ్చి ఉంచేది. బరువు గురించి ఎవరికి బెంగ?

పొడవు దగ్గర మాత్రం మామ మొండికేశాడు.

మామ: పొడుగు కర్ర కావాల. ఏడడుగులు. పొడుగైతే బాగా వంగుతాది, దూరం అందుతాది.

అల్లుడు: పొట్టిది కావాలి. అయిదున్నర అడుగులు. పొడుగు కర్ర చేపకి పనికొస్తుంది, నీకు కాదు.

మామ: కర్ర నా సేతిలో ఉంటే సేపకెలా పనికొస్తాదిరా?

అల్లుడు లేచి పక్క పడవ దగ్గరికి వెళ్ళి చేపలు తూచే వేలాడే కాటా అడిగి తెచ్చాడు. రాడ్డుకి రీలు బిగించాడు, తాడు రింగుల్లోంచి తీసి కాటా కొక్కేనికి కట్టాడు. రాడ్డు మొదలుని మామ నడుం పట్టీలో దోపాడు. ‘‘పట్టుకో. నేను కాటా లాగుతాను. ఏడు దగ్గర ఆపుతాను.’’

మామ నవ్వాడు. ఏడు కేజీలంటే చిన్నపిల్లాడు మోసే బియ్యం సంచి. అల్లుడు పది అడుగులు వెనక్కి నడిచి లాగాడు. కాటా ముల్లు మూడు దాటింది, ఐదు దాటింది. మామ ఎడమ చెయ్యి రాడ్డు మీద పైకి జరిగింది. ఆరు దగ్గర మోకాళ్ళు వంగాయి. ఏడు దగ్గర నవ్వు పోయింది.

నేను లెక్క చెప్పాను. మొదలు నడుం దగ్గర ఆనింది. చెయ్యి అక్కడికి అర మీటరు పైన ఉంది. కొస 1.65 మీటర్ల దూరంలో ఉంది. రాడ్డు తాడుకి అడ్డంగా నిలబడి ఉన్నప్పుడు కొసన ఏడు కేజీలు లాగితే చెయ్యి ఇరవై మూడు కేజీలు లాగాలి. వంగిన రాడ్డుకి కొంచెం తగ్గుతుంది, అంతే. అదే ఏడడుగుల రాడ్డయితే దాదాపు ముప్పై. పలుగుతో బండ లేపినట్టే, కాకపోతే పలుగు పొడుగు కొస చేప పట్టుకుంది.

మామ: (రాడ్డు దించి, అరిచేతులు చూసుకుని) సేతి తాడుకి ఈ బాధ నేదు. ఏడంటే ఏడే.

అల్లుడు: నిజమే. చేతి తాడుకి మించిన సులువు లేదు. అది తెలిసిన చెయ్యి ఉంటే.

ఆ ఒప్పుకోలుకి మామ కొంచెం మెత్తబడ్డాడు. వెంటనే మళ్ళీ బిగిశాడు.

మామ: ఇంకోటి సెప్పు. రీలు సగం ఖాళీ అయితే? అప్పుడూ ఏడేనా?

ఈ ప్రశ్న మామ ఎలా వేశాడో నాకిప్పటికీ ఆశ్చర్యం. బహుశా బావి గిలక గుర్తొచ్చి ఉంటుంది.

అల్లుడు: కాదు. రీలు మీద తాడు చుట్ట అడ్డం సగమైతే డ్రాగు రెండింతలవుతుంది. మీట కదపకపోయినా ఏడు కాస్తా పద్నాలుగు. దానికి తోడు మూడొందల మీటర్ల తాడుని నీళ్ళలో ఈడుస్తున్నప్పుడు నీళ్ళు కూడా పట్టుకుంటాయి. అందుకే దూరం పోయినకొద్దీ వదులు చెయ్యాలి. అందరూ బిగిస్తారు.

మామ: భయమేస్తే బిగిస్తారు. సేతి తాడుకైనా అంతే. కొత్త కళాసీకి ముందు నేర్పేది అదే, భయమేసినప్పుడు వదులు.

కాగితం మీద ఎడమ వైపు, ‘చెయ్యి చేసే పని’ కింద, ఇది రాసుకున్నాను. కుడి వైపు ఎదురుగా రాయడానికి ఏ వస్తువూ దొరకలేదు.

మిగతావి గబగబా నడిచాయి. రాడ్డు గుచ్చే పీటలు పడవ అంచుకి బోల్టులేసి, లోపల చెక్క ఆనించి బిగించాలి. ప్రతి రాడ్డునీ పడవకి వేరే తాడుతో కట్టి ఉంచాలి. నడుం పట్టీలు రెండు. గాలం దగ్గర తాడు మెలికలు పడకుండా తిరిగే బేరింగు కొక్కేలు, చవకవి వద్దు. ఇంటికి రాగానే రీళ్ళ మీద మంచినీళ్ళు చిలకరించాలి, పైపు పెట్టి బలంగా కొట్టకూడదు, కొడితే ఉప్పు లోపలికే పోతుంది. డ్రాగు పూర్తిగా వదులు చేసి పెట్టాలి, లేకపోతే లోపలి బిళ్ళలు అతుక్కుంటాయి.

కొస తీగ దగ్గర ఆగిపోయాం. కోనం పళ్ళు కత్తెర, నైలాను కొస నిలవదు, స్టీలు తీగ ఉండాలని మామ. తీగ కనిపిస్తే సూర దగ్గరికి రాదు, దాని కళ్ళు అంత చురుకు, లావు నైలాను కొస పెడదామని అల్లుడు. కోనం తెంపినా ఎరే పోతుంది, సూర రాకపోతే రోజే పోతుంది అంటాడు అల్లుడు. ఎర నీ డబ్బు కాబట్టి అలాగంటావు అంటాడు మామ. నేను రెండూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఇప్పటికీ ఆ ప్రశ్నార్థకం అలాగే ఉంది.

మామ: కత్తి రాయండి మాస్టారూ. రాడ్డుకొకటి. నాలుగు.

అల్లుడు: ఎందుకు మావా?

మామ: 2022లో పరవాడ వైపు ఏటకెల్లినాయన్ని కొమ్ము కోనం పొడిసీసింది, పోయినాడు. మరిసిపోయినావా? కొస తాడు సేతికి సుట్టుకోనివ్వను ఎవుర్నీ. కొమ్ము కోనం పడవ కాడికొస్తే పడవలోకి ఎక్కించను. ఫోటో తీసుకుంటారా, తీసుకోమను. తాడు కోసీడమే.

అల్లుడు: మస్కట్‌లో కూడా వదిలేసేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం మొత్తానికి ఇద్దరూ వెంటనే ఒక్కమాట మీదికొచ్చింది ఇక్కడే.

నేను జాబితా చదివి వినిపించాను. అల్లుడు తల ఊపాడు. మామ ఊపలేదు.

మామ: నా తాడు ఎక్కడ?

అల్లుడు: మావా, నాలుగు రాడ్లు వెనకాల ఉంటాయి. మధ్యలో నీ చేతి తాడు వేస్తే అన్నీ చిక్కు పడతాయి.

మామ: నీయి ఎంత దూరం ఏస్తావు?

అల్లుడు: దగ్గరవి ఇరవై మీటర్లు, దూరానివి నలభై యాభై.

మామ: నాది నాలుగు బారలు. ఇంజను నురగలోనే. నీ తాళ్ళ కిందకి కూడా రాదు. సిన్న సేపల్ని మింగడానికి వచ్చిన సూర ముందు నురగ కాడికే వస్తాది. నువ్వు సూడనేదా?

అల్లుడు చూశాడు. మస్కట్‌లో వాళ్ళ సారంగు కూడా ఎప్పుడూ ఒక పొట్టి తాడు ప్రొపెల్లరు నురగలో వదిలేవాడట, ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదట. ఆ సంగతి ఒప్పుకోవడానికి అల్లుడికి రెండు నిమిషాలు పట్టింది.

నేను కాగితం చివర ‘చేతి తాడు – ఒకటి, నాలుగు బారలు’ అని రాసి, ట్యూబు కూడా రాయమంటారా అని అడిగాను.

‘‘అదెందుకు కొంటారు మాస్టారూ,’’ అన్నాడు మామ, గోడకి ఆనించి ఉన్న తన సైకిలు వైపు చూస్తూ. ‘‘ఎనక సక్రం ట్యూబు ఎలాగూ పంచరే.’’